మధ్యాహ్నం రెండు గంటల వెల్‌నెస్ సెషన్ గారికి

గౌరవనీయులైన ఆన్‌లైన్ వెల్‌నెస్ సెషన్ గారికి, వరంగల్ వైపు జ్వరాల వార్డుల సిస్టర్ల నమస్కారాలు.

నిన్న తమరు సరిగ్గా రెండింటికి విచ్చేశారు. వాట్సాప్ గ్రూపులో లింకు, దాని కింద మూడు ఆజ్ఞలు: హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లో ఉండాలి, స్క్రీన్‌షాట్ పెట్టాలి. ఒత్తిడి తగ్గించడానికి ఇంత ఒత్తిడి తెచ్చినందుకు ధన్యవాదాలు. వెనక వేణువు, తెర మీద తామరపువ్వు. నాలుగు లెక్కపెడుతూ పీల్చమన్నారు, నాలుగు ఆపమన్నారు, నాలుగు వదలమన్నారు, మళ్లీ నాలుగు ఆగమన్నారు.

ఆ టైంకు వార్డులో లెక్కలు వేరే. డెంగీ ముదిరే లక్షణాలున్న 60 కిలోల మనిషికి మొదటి గంట కిలోకు 5 మి.లీ. చొప్పున సెలైన్ ఎక్కించాలంటే గంటకు 300 మి.లీ. మి.లీ.కి 20 చుక్కలు పడే మామూలు సెట్ అయితే నిమిషానికి 100 చుక్కలు. పంపు లేని బెడ్ దగ్గర వాచీ చూసుకుంటూ వాటిని కళ్లతోనే లెక్కపెట్టాలి. పేషెంటు మోచెయ్యి మడిచాడా, వంద కాస్తా నలభై అవుతుంది. మళ్లీ మొదటికి.

సరే, ఊపిరి సంగతి వదిలేద్దాం. మింగుడు పడనిది ఆ రెండు గంటలు. మార్నింగ్ డ్యూటీ దిగేది రెండింటికి, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేది రెండింటికి, నైట్ చేసి పోయినవాళ్లు ఇంట్లో గాఢనిద్రలో ఉండేదీ రెండింటికే. రోజు మొత్తంలో ఎవరికీ పనికిరాని అరగంటను ఏరి పట్టుకోవడం మామూలు ప్రతిభ కాదు. ఆ అరగంటలోనే బెడ్ బెడ్‌కూ తిరిగి అప్పజెప్పాలి: ఎవరికి ఎంత సెలైన్ పోయింది, మూత్రం ఎంత వచ్చింది, ఎవరి ప్లేట్‌లెట్ రిపోర్టు ఇంకా ల్యాబ్‌లోనే ఉంది, ఎవరికి పొద్దున జ్వరం దిగింది. అసలు భయం ఈ ఆఖరిదానితోనే. జ్వరం పోయిందని ఇంటివాళ్లు సంబురంగా ఇడ్లీ పట్టుకొచ్చే రోజే డెంగీ అడ్డం తిరిగేది. ఒకటి రెండు రోజులు రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. బీపీ 100/80 చూసి 'వంద ఉంది కదా' అనుకుంటే మోసపోయినట్టే. పై అంకెకూ కింది అంకెకూ తేడా 20కి పడిందంటే షాక్ (ఒంటికి రక్తం సరిగా అందని స్థితి) వచ్చినట్టే లెక్క.

ఇక స్పీడు తగ్గించమని డాక్టర్ చెప్పిన ఒక్క మాట ఆ అప్పగింతలో జారిపోయిందనుకో. చుక్కలు అట్లనే పడుతుంటయి. బయటికి కారిన నీరు మళ్ల నాళాలల్లకు వచ్చేసరికి ఊపిరితిత్తులు నిండి మనిషికి ఆయాసం మొదలైతది. అప్పుడు చెప్పు ఆయనకు, నాలుగు లెక్కపెట్టి పీల్చుమని!

జెర చెప్పు, గా రెండు గంటలు ఎవలు పెట్టిన్రు? వార్డు మొఖం ఎన్నడన్న చూసిన్రా?

ఫీడ్‌బ్యాక్ ఫారంల ఒకటి నుంచి ఐదు స్టార్లున్నయి, సున్నా లేదు. ఫ్రీ ఖాతా గనుక 40 నిమిషాలకు మీటింగే కట్ అయింది, సరిగ్గ 'మనసును ఖాళీ చేయండి' అన్నకాడ. సర్టిఫికెట్ల పేర్లు తప్పులు.

బర్నౌట్ అనేది జబ్బు కాదు, ఉద్యోగంల తగ్గకుంట సాగే ఒత్తిడితోని వచ్చేది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లనే రాసిపెట్టింది. మందు డ్యూటీ చార్టుకు వెయ్యాలె, సిస్టర్ ముక్కుకు కాదు. బోధనాసుపత్రి వార్డుల ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. వానకాలంల ఒక్క మంచం మీదనే ఇద్దరుంటరు. తామరపువ్వుకు అది కనవడదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె. మెల్లగ ఊపిరి వదులుడు పనికొచ్చే ముచ్చటే. పీల్చినదానికన్న వదిలేది పొడుగుంటే గుండె దడ కొంచెం దిగుతది. అదే మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ చేసి పంపు, తెలుగుల. కెమెరా వద్దు, ఫారం వద్దు. హన్మకొండల నర్సంపేట బస్సెక్కి సీటు దొరికినంక వినేటోళ్లు వింటరు. మనసు మరీ బరువైనోళ్లకు సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉండనే ఉన్నది, తెలుగుల మాట్లాడొచ్చు, అర్ధరాత్రి అయినా సరే. అండ్ల హాజరు ఎవలూ అడుగరు.

గింత రాసేలోపల గ్రూపుల వచ్చే వారం లింకు పడ్డది. అంశం: సమయ పాలన. టైం: మధ్యాహ్నం రెండు.