మూతపడింది గ్రంథాలయం తలుపులే

“మహమ్మారి రోజుల్లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు మూతపడినా చదువులు ఆగలేదు, అంతా ఇంటర్నెట్‌లోనే ఉంది, చేతిలో ఫోన్ చాలు, పుస్తకాలు రోగాన్ని మోసుకొస్తాయి, సిబ్బంది ఊరికే జీతాలు తీసుకున్నారు, కాబట్టి గ్రంథాలయాలు దండగ.” ఈ సందేశాన్ని ఒక్క నెలలో ఐదుగురు మిత్రులు నాకు పంపారు. అయిదవవారు అధ్యాపకులు కావడంతో ఇక ఊరుకోలేకపోయాను.

సిబ్బంది మాటకు జవాబు చిన్నది. అడిగిన అధ్యాయాన్ని స్కాన్ చేసి విద్యార్థికి ఈమెయిల్‌లో పంపింది వారే.

పుస్తకాల ద్వారా రోగం వస్తుందన్న విషయంలో కొంత ఒప్పుకోవాలి. గ్రంథాలయ వస్తువులపై కోవిడ్ వైరస్ ఎంతకాలం నిలుస్తుందో చూసేందుకు 2020లో అమెరికాలో మొదలైన రెల్మ్ అనే పరిశోధనా ప్రాజెక్టు పరీక్షల్లో, ఒకదానిపై ఒకటి పేర్చిన పుస్తకాలపై ఆరు రోజుల తరువాత కూడా వైరస్ ఆనవాళ్లు కనిపించాయి కనుక, తిరిగి వచ్చిన పుస్తకాలను విడిగా ఉంచడం అప్పటికి సబబే. అయితే వస్తువులను తాకడం వల్ల సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తెలిపిన తరువాత కూడా ఆ పద్ధతిని కొనసాగించిన గ్రంథాలయాలు పాఠకులకు అన్యాయమే చేశాయి.

“అంతా ఇంటర్నెట్‌లోనే ఉంది” అన్నవారు అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలి. గ్రంథాలయాలు తమ పుస్తకాల స్కాన్ ప్రతులను ఉమ్మడిగా దాచుకునే డిజిటల్ భాండాగారం హాథీట్రస్ట్ 2020 మార్చి 31న ప్రారంభించిన అత్యవసర సేవలో, సభ్య గ్రంథాలయం అరల్లో ఒక పుస్తకానికి ఎన్ని ప్రతులుంటే ఒకేసారి అంతమందే దాన్ని తెరపై చదవగలిగారు. అరలో లేని పుస్తకం ఆ సేవలో తెరుచుకోలేదు. అదే మార్చిలో, స్కాన్ చేసిన పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఎరువిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గర అలాంటి ప్రతుల పరిమితిని ఎత్తివేస్తే, నాలుగు ప్రచురణ సంస్థలు దావా వేశాయి, పరిమితి లేని ఆ సేవ జూన్‌లో ఆగిపోయింది. ఇక ఇంట్లో కూర్చుని తెరిచిన పరిశోధన పత్రికల్లో చాలావాటికి చందా కట్టింది ఏ గ్రంథాలయమో, లాగిన్ అయిన ప్రతిసారీ తెరపై కనిపిస్తూనే ఉంది కదా!

నన్ను నిజంగా బాధించింది “ఫోన్ చాలు” అన్న మాట. ప్రపంచంలో 15 నుంచి 24 ఏళ్ల యువతలో 63 శాతానికి, అంటే దాదాపు 76 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదని ఐక్యరాజ్యసమితి సంస్థలైన యునిసెఫ్, ఐటీయూ (టెలికాం సంస్థ) 2020లోనే లెక్క చెప్పాయి. వీరిలో విశ్వవిద్యాలయం దాకా వచ్చినవారికి గ్రంథాలయం అంటే పుస్తకాలు మాత్రమే కాదు, ఒక కంప్యూటర్, ఒక కుర్చీ, ఇంట్లో దొరకని నిశ్శబ్దం. అరచేతిలో పట్టే తెరపై నాలుగు వందల పేజీల గ్రంథాన్ని జరుపుకుంటూ, డేటా అయిపోతుందేమోనని భయపడుతూ, పక్కన ఇంటిల్లిపాదీ మాట్లాడుతుండగా సిద్ధాంత వ్యాసం రాయడం సాధ్యమని ఎవరైనా అంటే, వారు ఒక్క వారం అలా రాసి చూపాలి.

చదువులు ఆగలేదని చెప్పగలిగింది తెరపై హాజరు పలికినవారిని మాత్రమే చూసినవారు. ఆ అధ్యాపక మిత్రుడిని నేను కోరేది ఒక్కటే: 2020 నాటి మీ హాజరు పట్టీ తీసి, నడుమ ఆగిపోయిన పేర్లకు ఫోన్ చేయండి, వారు చెప్పింది విన్న తరువాత కూడా ఆ సందేశం నిజమనిపిస్తే మళ్లీ పంపండి.