యజమాని ఎవరో కూడా రాయండి

రగ్బీ రెండు రకాలు. జట్టుకు పదిహేను మంది ఆడేది యూనియన్, పదమూడు మంది ఆడేది లీగ్. ఈ దాయాదుల తగవు 1895 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ముదిరింది. ఆటకు పోతే గనిలోనో, మిల్లులోనో ఆ పూట కూలి పోతోంది, దాన్నయినా ఇప్పించండని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. డబ్బు తగిలితే ఆట మైలపడుతుందన్నారు ఆటను నడిపే పెద్దమనుషులు. క్లబ్బులు వేరుపడ్డాయి, వాళ్ల ఆటే లీగ్ అయింది. ఆ తర్వాత లీగ్ ఆడినవాణ్ణి యూనియన్ వెలివేస్తూ వచ్చింది, 1995లో తానే డబ్బుకు తలుపు తీసేదాకా. ఫ్రాన్స్‌లోనైతే 1941లో నాజీ జర్మనీతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వం లీగ్‌ను నిషేధించి ఆస్తులే లాక్కుంది.

ఇన్ని గాయాలున్నచోట అభిమానికి ఉక్రోషం ఉంటుంది. అతను తన ఆట వైపే మాట్లాడతాడు, మాట్లాడనివ్వాలి. విలేకరికి ఆ హక్కు లేదు, అతని యజమానికి ఆ ఆటలో వాటా ఉంటే అసలే లేదు.

ఆస్ట్రేలియా సంగతి చూడండి. సిడ్నీలో డైలీ టెలిగ్రాఫ్‌ను నడిపే మీడియా కుబేరుడు రూపర్ట్ మర్డోక్ సంస్థ 1995లో లీగ్ టీవీ హక్కుల కోసం పోరు మొదలుపెట్టి ఆటనే రెండుగా చీల్చింది. రాజీ కుదిరాక 1998లో పుట్టిన లీగ్ జాతీయ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో 2012 దాకా సగం వాటా ఆ సంస్థదే. బ్రిస్బేన్ బ్రాంకోస్ క్లబ్బులో మెజారిటీ వాటా కూడా దానిదే. అవతల సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ యజమాని నైన్ సంస్థ. లీగ్ మ్యాచ్‌లు దాని చానెల్‌లో వస్తాయి, 2021 నుంచి యూనియన్ మ్యాచ్‌లు దాని స్టాన్ యాప్‌లో వస్తున్నాయి. ఆట ఎలా జరిగిందో చెప్పాల్సినవాళ్లే ఆటను అమ్ముకుంటున్నారు.

ఇలాంటి చోట పక్షపాతానికి అబద్ధం రాయక్కర్లేదు. గిట్టని ఆటకు ఖాళీ కుర్చీల ఫొటో వేస్తే చాలు. సొంత ఆటలో గొడవ జరిగితే లోపలి పేజీలో నాలుగు లైన్లు, పక్క ఆటలో జరిగితే బ్యానర్. 2023లో లీగ్ కుర్రాడు జోసెఫ్ సువాలీ యూనియన్‌తో సంతకం చేసినప్పుడు, ఏడాదికి దాదాపు 16 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లని వార్తలొచ్చాయి. ఎగరేసుకుపోయారని ఒక వర్గం, బడిలో యూనియన్ ఆడినవాడు సొంతింటికొచ్చాడని ఇంకో వర్గం. 2024 నవంబరులో ట్వికెన్‌హామ్‌లో యూనియన్‌లో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు, ఇంగ్లండ్‌పై ఆస్ట్రేలియా 42-37తో గెలిచింది. ఆ కుర్రాడు బంతి ఎలా అందుకుంటాడో, ఎందుకు అంత విలువో తెలుసుకోవాలనుకున్న పాఠకుడికి ఈ పేచీ అంతా దేనికి?

ఇది దూరపు గొడవని కొట్టిపారేయలేం. సన్‌రైజర్స్ హైదరాబాద్, జెమిని టీవీ రెండూ సన్ నెట్‌వర్క్‌వే. ముంబై ఇండియన్స్ రిలయన్స్‌ది, ఐపీఎల్ చూపించే జియోహాట్‌స్టార్‌లోనూ రిలయన్స్‌దే పెద్ద చెయ్యి. ఎవరో తప్పు చేశారని మేం అనడం లేదు. రాజకీయ వార్తయితే ఏ పేపరు ఎటు మొగ్గుతుందో తెలుగు పాఠకుడికి తెలుసు, ఒకటికి రెండు తిరగేస్తాడు. ఆటల పేజీకి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండదు, నమ్మేస్తాడు. ఆ నమ్మకాన్ని వాడుకోవడమే మాకు కోపం తెప్పిస్తోంది.

మేం కోరేది చిన్నదే. జట్టులోనో, పోటీలోనో, ప్రసార హక్కుల్లోనో యాజమాన్యానికి వాటా ఉంటే, ఆ ఆట మీద రాసే ప్రతి వార్త కింద ఆ మాట ఒక్క లైనులో అచ్చువేయాలి. 2027లో యూనియన్ ప్రపంచకప్ ఆస్ట్రేలియాలో జరగబోతోంది. అక్కడి పత్రికలు ఈ పని ఆలోపే మొదలుపెట్టాలి, ఇక్కడి చానెళ్లు వచ్చే ఐపీఎల్‌కే.