ఆ సర్వరు ఏ ఊరాయన?

'అప్‌లోడ్ చేయు ఫైలు పరిమాణము 200 కేబీ మించరాదు.'

ఈ ఒక్క వాక్యం రాసిన మహానుభావుడికి డెల్టా ప్రజల తరఫున సన్మానం చెయ్యాలని నాకు చాలాకాలంగా కోరిక. శాలువా కూడా కొన్నాం. నిబంధన ప్రకారం కత్తిరించి చేతిరుమాలంత చేశాం, ఆయన సర్దుకోవాలి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర గోదారికి అడ్డంగా ఆనకట్ట కట్టి 1852కల్లా పని ముగించాడు, ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. ఈయన ప్రతి దరఖాస్తుకీ అడ్డంగా ఒకటి కట్టాడు. కాటన్ దొర కట్టినదానికి తూములున్నాయి. ఈయనదానికి నెట్ సెంటర్లున్నాయి.

మొన్న శ్రావణంలో మా చిన్నాన్నని వెంటబెట్టుకుని అమలాపురంలో అలాంటి ఒక తూము దగ్గరికెళ్ళాను. షాపు పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, మీ ఊళ్ళోదీ అలాగే ఉంటుంది. చిన్నాన్నకి ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. తోటకో పాసుపుస్తకం ఉంది. దాన్ని స్కాన్ చేసి ఒక దరఖాస్తుకి తగిలించాలి. స్కానర్ మీద పెడితే 11 ఎంబీ ఫైలయింది. అంటే గుమ్మం కన్నా యాభై అయిదు రెట్లు పెద్ద పెళ్ళికొడుకు.

"తగ్గించాలండి. యాభై అవుద్దండి" అన్నాడు కుర్రాడు. గూగుల్‌లో ఏదో కొట్టాడు, మొదట కనబడిన వెబ్‌సైటు తెరిచాడు, చిన్నాన్న పాసుపుస్తకాన్ని ఈడ్చుకెళ్ళి అందులో పడేశాడు. తెర మీద ఓ చక్రం తిరుగుతోంది. పక్కన ఎవరో అమ్మాయి, మీ ఊళ్ళోనే ఉన్నాను మాట్లాడతారా అని అడుగుతోంది.

"బాబూ, నా పుస్తకం ఎక్కడికెళ్ళిందిరా?"

"సర్వర్‌కండి."

"సర్వరా? ఏ హోటలు?"

"హోటలు కాదండి. పైనుంటాదండి."

"పైనెవరున్నార్రా? ఆ సర్వరు ఏ ఊరాయన?"

"ఊరు తెలీదండి. ఫారినండి."

"ఫారినోడికి నా పుస్తకంతో పనేంటి?"

"తగ్గిచ్చి పంపుతాడండి."

చిన్నాన్న కుర్చీలోంచి లేచిపోయాడు. "తోటనా?"

తోట తగ్గలేదు గానీ పుస్తకం తగ్గింది. 190 కేబీ. తెరిచి చూస్తే సర్వే నంబరు మూడో ఎనిమిదో తేల్చుకోలేక ఊగిసలాడుతోంది. తండ్రిపేరు ఉండాల్సిన చోట చచ్చిన చీమ ఉంది. ఆ చీమనే పంపించాం. దరఖాస్తు పేజీ తిప్పికొట్టింది: 'పత్రము స్పష్టముగా లేదు.' రెండోసారి కాస్త తక్కువ తగ్గించమంటే 204 కేబీ వచ్చింది. 'పరిమాణము మించినది.' ఆ నాలుగు కేబీ పంట డబ్బులొచ్చాక కడతానని చెప్పరా అన్నాడు చిన్నాన్న. మూడోసారికి ఆ వెబ్‌సైటే అడ్డం తిరిగింది. రోజుకి రెండే ఉచితమట, మూడోది కావాలంటే నెల చందా కట్టాలట. కుర్రాడికి ఇదంతా అలవాటే. బ్రౌజర్‌లో దొంగకిటికీ ఒకటి తెరిచి, అదే సైటుకి మళ్ళీ కొత్తమనిషిలా వెళ్ళి దండం పెట్టాడు. పాసుపుస్తకం మూడోసారి సముద్రం దాటింది. మా చిన్నాన్న ఈ జన్మలో రాజమండ్రి దాటి వెళ్ళింది రెండుసార్లు.

పలచన చెయ్యడం మనకేమన్నా కొత్తా? ఆత్రేయపురంలో ఆడవాళ్ళు బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఇలా వేసి అలా లాగితే కాగితం కన్నా పలచటి రేకు లేస్తుంది. వాళ్ళెవరూ పిండిని ఫారిన్ పంపి పూతరేకులు చేయించుకు తెప్పించుకోవడం లేదు.

కాబట్టి నేనిప్పుడు మీకొక దెయ్యాన్ని పరిచయం చెయ్యాలి.

దాని పేరు ఘోస్ట్‌స్క్రిప్ట్. పీడీఎఫ్ ఫైళ్ళని మన కంప్యూటర్‌లోనే తగ్గించిపెట్టే ఉచిత ప్రోగ్రాము. వయసు నలభైకి దగ్గర పడుతోంది. దెయ్యం దిగడానికి నిమ్మకాయలూ కోడిపెట్టా సమర్పించుకునే జాతి మనది. అదే దెయ్యం వచ్చి, పైసా ఇవ్వద్దు, చాకిరీ చేసి పెడతానంటే మాత్రం అనుమానం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న ప్రాంతంలో ఊరికే ఇచ్చిన చేప కుళ్ళిందే అయ్యుంటుందని నమ్మకం మరి.

కథ కాస్త వెనక్కెళ్ళాలి. జిరాక్స్ వారి పరిశోధనశాల నుంచి బయటికొచ్చిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనే ఇద్దరు 1982లో అడోబీ పెట్టారు. 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష తెచ్చారు. పేజీని వర్ణించే భాష అది. ప్రబంధ కవులు నాయికని వర్ణించినట్టు కాదు, ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఏ అక్షరం ఎంత లావున ఎక్కడ కూర్చోవాలి, అదీ వర్ణన. ఆ భాష చదివి బొమ్మ గీసిపెట్టే ఇంటర్‌ప్రెటర్, మన పాతమాటలో దుబాసీ, ప్రింటరు కడుపులోనే ఉండేది. అలాంటి దుబాసీని మోస్తూ 1985లో ఆపిల్ లేజర్ ప్రింటరొచ్చింది, 6,995 డాలర్లు. అప్పట్లో ఆ డబ్బుకి కోనసీమలో తోట కొనుక్కునేవారు. ఎల్. పీటర్ డాయిచ్ అనే ఆయన కూర్చుని, అదే పని మామూలు కంప్యూటర్‌లో చేసిపెట్టే దుబాసీని సొంతంగా రాసి 1988లో విడుదల చేశాడు. అదే మన దెయ్యం. ప్రోగ్రామే కాదు, దాని మూలం, అంటే సోర్స్ కోడ్, కూడా ఇచ్చేశాడు: చదువుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని. 1993లో పోస్ట్‌స్క్రిప్ట్ వంశంలోనే పీడీఎఫ్ పుడితే దాన్నీ చదవడం నేర్చుకుంది దెయ్యం.

ఇంగ్లీషువాళ్ళకి పోస్ట్‌స్క్రిప్ట్ తలకిందుల భాష. మూడూ నాలుగూ కలపాలంటే '3 4 యాడ్' అని రాయాలి, అంకెలు ముందు, పని చివర. గీత గీసే చోటికి వెళ్ళాలంటే '100 200 మూవ్‌టు'. దీన్ని మన ఇంజనీరింగ్ కాలేజీల్లో రివర్స్ పోలిష్ నొటేషన్ అని రెండు మార్కుల కోసం బట్టీ కొట్టిస్తారు. రివర్స్ ఏమిటండీ నా మొహం! 'పప్పూ అన్నం కలుపు' అని కదా మన అమ్మలు చెప్పేది. 'కలుపు పప్పూ అన్నం' అని ఏ ఇంట్లో అయినా విన్నారా? క్రియ చివర పెట్టే భాష తల్లిపాలతో తాగినవాడికి, అదేదో పోలండ్ నుంచి దిగుమతైన విద్య అన్నట్టు భయపెట్టి, మార్కులు కోసి పంపిస్తారు.

ఇంకో ముచ్చట. పోస్ట్‌స్క్రిప్ట్‌లో పేజీ కొలత కింద ఎడమ మూల నుంచి మొదలవుతుంది. పటంలో చూసుకుంటే అది నైరుతి. అంగుళానికి 72 పాయింట్ల చొప్పున అక్కణ్ణుంచి కొలుచుకుంటూ పోవాలి. నైరుతి బరువుగా ఉండాలని వంటింటి గోడ రెండుసార్లు పడగొట్టించిన మా చిన్నాన్నకి ఈ ముక్క చెప్పాను. దెయ్యం మీద మొట్టమొదటిసారి ఆయనకి గౌరవం కలిగింది.

సరే, 11 ఎంబీ సంగతి. స్కాన్ చేసిన పేజీ అంటే లోపలున్నది అక్షరాలు కాదు, ఓ పెద్ద ఫోటో. ఘోస్ట్‌స్క్రిప్ట్‌కి ఆ ఫైలిచ్చి, పీడీఎఫ్‌రైట్ అనే డివైజ్ పేరు చెప్పి, పీడీఎఫ్‌సెట్టింగ్స్ దగ్గర 'ఈబుక్' అంటే అంగుళానికి 150 చుక్కలకి దించుతుంది. 'స్క్రీన్' అంటే 72కి, 'ప్రింటర్' అంటే 300కి. రంగులు తీసేసి నలుపు తెలుపు ఛాయల్లోకి మార్చమంటే అదీ చేస్తుంది. చీమలు వచ్చాయా, మీరే చూసుకుని, మీరే అంకె మార్చుకుని, మళ్ళీ నడుపుకోవచ్చు. రోజుకి రెండేసార్లు అనదు. కమాండ్ ఒక్క వరస. దాన్ని తెలుగు అక్షరాల్లో రాస్తే దెయ్యం పలకదు కాబట్టి ఇక్కడివ్వడం లేదు. లినక్స్‌లో 'జీఎస్' అని కొడితే చాలు, ప్రింటింగ్ కోసం చాలావాటిలో ముందే ఉంటుంది. విండోస్‌లో దించుకుంటే 'జీఎస్‌విన్64సీ' అనే నోరు తిరగని పేరుతో వస్తుంది. ఇరవై పేజీలు తెచ్చి 200 కేబీలో కూర్చోబెట్టమంటే మాత్రం దాని వల్ల కూడా కాదు. దెయ్యమే గానీ దేవుడు కాదు.

ఇది నడిచేటప్పుడు నెట్ తీగ పీకి గోడకి తగిలించుకోవచ్చు. కాగితం షాపు దాటదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా వెటకారం.

ఎందుకంటే ఆ రోజు వరసలో మాకన్నా ముందు ఒకావిడ ఉంది. భర్త పోయి మూడు నెలలు. పింఛను కోసం వచ్చింది. ఆయన మరణ ధ్రువపత్రం, ఆవిడ ఆధారు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, వేలిముద్ర వేసిన కాగితం, అన్నీ ఒక్కొక్కటే ఆ ఊరూ పేరూ లేని సైటులోకి వెళ్ళాయి. ఒక్కొక్కదానికి యాభై. కొంగుముడి విప్పి ఇచ్చింది. తిరిగొచ్చిన ఫైళ్ళు చూపించడానికి కుర్రాడు డౌన్‌లోడ్స్ తెరిచాడు. మండలంలో సగం అందులో ఉంది. ఎవరెవరివో ఆధార్లు, ఎవరి కూతురి కులధ్రువపత్రమో, ఎవరి పొలం తనఖా కాగితాలో, వరసగా, పేర్లతో, ఎవరొచ్చి కూర్చున్నా కనబడేలా. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదండి. సెల్‌ఫోనుతో ఓ ఫోటో తీస్తే మూడు నాలుగు ఎంబీలయ్యే రోజుల్లో 200 కేబీ అని గీత గీసి కూర్చున్నవాడెవడు? ఆ దరఖాస్తు పేజీ నెత్తిన చేతులు జోడించి నవ్వుతున్న ఫోటో ఒక్కటే రెండు ఎంబీలుంది, కుర్రాడి చేతే చూపించాను. ఏలేవాడి నవ్వుకి రెండు ఎంబీలు, చచ్చిపోయినవాడి కాగితానికి 200 కేబీలు. పోనీ ఫైలు తీసుకుని ఆ సర్వర్‌లోనే తగ్గించుకోవచ్చు కదా, ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ ఉందిగా! చెయ్యరు. ఆ భారం ఆవిడ కొంగుముడి మీదే పెడతారు. సిగ్గుండాలి.

కోడు రాసే పిల్లలకి రెండు ముక్కలు. మీ ఫైనలియర్ ప్రాజెక్టు 'కృత్రిమ మేధతో పీడీఎఫ్ కుదింపు' అని పోస్టరు చూశాను. లోపల నడిచేది ఈ దెయ్యమే అని మీకూ తెలుసు, మీ గైడుగారికీ తెలిసే ఉంటుంది. వాడుకోండి, తప్పులేదు. కానీ 2013 నుంచీ దీని లైసెన్సు ఏజీపీఎల్. దీన్ని మార్చి నెట్ మీద సేవగా నడిపితే, వాడేవాళ్ళకి మీ మూలం కూడా ఇవ్వాలి. అలా ఇవ్వడం ఇష్టం లేకపోతే హక్కుదారైన ఆర్టిఫెక్స్ దగ్గర వేరే లైసెన్సు కొనుక్కోవాలి. దెయ్యం కదా, కోర్టుకెళ్ళదులే అనుకోకండి. లైసెన్సు పాటించలేదని దక్షిణ కొరియా కంపెనీ హాన్‌కమ్ మీద ఆర్టిఫెక్స్ 2016లో అమెరికాలో దావా వేస్తే, మొదట్లోనే కొట్టెయ్యమన్న ప్రతివాది మాట 2017లో కోర్టు వినలేదు. ఇంకోటి, పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలంటే బొమ్మ కాదు, ప్రోగ్రాము. పరాయివాడి ఫైలు మీ డిస్కులో వేలు పెట్టకుండా కాపు కాసే సేఫర్ పద్ధతి 9.50 వెర్షను నుంచీ దానంతటదే అమల్లో ఉంటుంది. పాత వెర్షను పట్టుకు వేళ్ళాడకండి.

ఆ సాయంత్రమే కుర్రాడి కంప్యూటర్‌లో ఎక్కించి ఇచ్చాను. చిన్నాన్న పుస్తకం ఈబుక్ అంటే, రంగు తీసేశాక 168 కేబీకి దిగింది. సర్వే నంబరు మూడే. చిన్నాన్న తండ్రి, అంటే మా తాత, పేరు కూడా చీమ వేషం విప్పి మనిషైంది. డౌన్‌లోడ్స్ ఖాళీ చేయించి, రోజూ షాపు కట్టేముందు చేస్తానని ఒట్టు వేయించుకున్నాను.

రెండు వారాల తర్వాత మళ్ళీ అటెళ్తే షాపు ముందు కొత్త బోర్డు. 'ఇచ్చట పీడీఎఫ్‌లు దెయ్యముతో తగ్గించబడును. కాపీ 60/-.' లోపల జనం.

లైసెన్సు ఇంకోసారి చదివాను. సేవకి డబ్బు తీసుకోకూడదని ఎక్కడా లేదు.

"మొన్న యాభయ్యే కదరా?" అన్నాడు చిన్నాన్న.

"అది సర్వరండి" అన్నాడు కుర్రాడు. "ఇది లోకలండి."