డీమార్క్ పాలసీ ‘నన్’ గారికి ఒక లేఖ

మహరాజశ్రీ ‘నన్’ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటుండదు లెండి. మా పేరుతో వచ్చే దొంగ మెయిళ్లను ఏం చేయాలో చెప్పే నియమం డీమార్క్ అయితే, అందులో ‘ఏమీ చేయొద్దు’ అనే పాలసీ తమరు. డొమైన్ల చిరునామా పుస్తకమైన డీఎన్ఎస్‌లో మిమ్మల్ని కూర్చోబెట్టినవాళ్లే మళ్లీ మీ వంక చూడలేదు. “కొన్నాళ్లు రిపోర్టులు చూద్దాం, తర్వాత క్వారంటైన్ (స్పామ్‌లోకి తోయడం), ఆపైన రిజెక్ట్ (గుమ్మంలోనే తిప్పికొట్టడం)” అంటే ఆ మీటింగ్‌లో అందరూ తలూపారు. ఊపిన తలల్లో సగం ఇప్పుడు వేరే కంపెనీల్లో ఊగుతున్నాయి. మీరు మాత్రం వేసిన చోటే ఉన్నారు.

మీ ఉద్యోగం చూస్తే ముచ్చటేస్తుంది. ఎవడో మా డొమైన్ పేరు తగిలించుకుని “మీ బిల్లు బాకీ ఉంది, ఈ కొత్త ఖాతాలో కట్టండి” అని మెయిల్ కొడతాడు. ఎస్పీఎఫ్ (మా పేరుతో పంపొచ్చని మేమొప్పుకున్న సర్వర్ల జాబితా) ఫెయిల్, డీకిమ్ (డొమైన్ తరఫున మెయిల్ మీద వేసే డిజిటల్) సంతకం అసలే లేదు. అందుకున్న సర్వరు మర్యాదగా మిమ్మల్నే అడుగుతుంది, దీన్నేం చేయమంటారని. “నేను చెప్పేదేం లేదు, మీ ఇష్టం. ఎన్నొచ్చాయో మాత్రం రాసి పంపండి” అంటారు మీరు. దొంగ గోడ దూకుతుంటే రిజిస్టర్లో టైము వేసుకునే వాచ్‌మన్ని ఎవరూ ఉంచుకోరు. మిమ్మల్ని ఉంచుకున్నాం. ఆ రాసి పంపేదైనా మనుషులు చదివేలా ఉంటుందా? జిప్ చేసిన ఎక్స్ఎంఎల్. లోపల ఒక ఐపీ, ఒక సంఖ్య, ‘డిస్పోజిషన్: నన్’ (తీసుకున్న చర్య: ఏమీ లేదు) అని మీ చేవ్రాలు.

పైగా 2024 ఫిబ్రవరిలో మీ దశ తిరిగింది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000, ఆపైన మెయిళ్లు పంపేవాళ్లకు డీమార్క్ ఉండి తీరాలని గూగుల్ అంది. ‘నన్’ ఉన్నా సరే అని కూడా అంది. లోకానికి ఆ రెండో ముక్కే వినపడింది.

న్యాయంగా మాట్లాడితే తప్పంతా మీది కాదు. మెయిళ్లు మోసే 1982 నాటి పద్ధతి ఎస్ఎంటీపీలో, పంపినవాడు నిజంగా వాడేనా అని అడిగే ఏర్పాటే లేదు. ఆ లోటు పూడ్చడానికే ఎస్పీఎఫ్ వచ్చింది, డీకిమ్ వచ్చింది, 2012లో మీ డీమార్క్ వచ్చింది. మా అసలు మెయిళ్లు ఆగిపోకుండా మిమ్మల్ని దించాలంటే మా పేరుతో ఎవరెవరు మెయిళ్లు పంపుతున్నారో మాకు తెలియాలి. చిక్కంతా అక్కడే. అకౌంట్స్‌వాళ్ల బిల్లింగ్ టూల్, మార్కెటింగ్‌వాళ్ల న్యూస్‌లెటర్, హెచ్ఆర్‌వాళ్ల ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్... ప్రతిదీ “మా ఇన్‌క్లూడ్ (మా సర్వర్లనూ జాబితాలో కలిపే ముక్క) ఒకటి ఎస్పీఎఫ్‌లో వేయండి” అంటూ వచ్చింది, వేశాం. ఎస్పీఎఫ్ 10 డీఎన్ఎస్ లుకప్‌ల (వెతుకులాటల) దాకానే ఓపిక పడుతుంది. వరుసలో ముందున్నవాళ్లు ఆలోపే గట్టెక్కుతారు, చివర్లో ఉన్నవాళ్లకు పర్మ్‌ఎర్రర్, అంటే తనిఖీయే చెడిపోతుంది. మార్కెటింగ్ మెయిల్ వెళ్లి హెచ్ఆర్ మెయిల్ ఎందుకు వెళ్లలేదని ఆఫీసులో నడిచిన రాజకీయాలకు అసలు కారణం ఇదీ.

బిల్లింగ్ టూల్ కథ ఇంకా బాగుంటుంది. దాని మెయిల్ హెడర్లు తెరిస్తే ఎస్పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ ఫెయిల్. మూడూ ఒకే హెడర్లో. సపోర్ట్‌వాళ్లను అడిగితే “మా వైపు అన్నీ పాసే సార్” అన్నారు. అబద్ధం కాదు. రిటర్న్-పాత్‌లో (మెయిల్ చేరకపోతే తిరిగొచ్చే చిరునామాలో) వాళ్ల డొమైన్, డీకిమ్ సంతకంలోనూ వాళ్ల డొమైనే. జనానికి కనిపించే ఫ్రమ్‌లో మాత్రం మాది. అలైన్‌మెంట్ లేనిదే, అంటే ఆ డొమైన్ ఫ్రమ్‌లోని డొమైన్‌తో కలవనిదే, ఆ పాస్‌లు మీకు ఎందుకూ కొరగావు.

సరే, మా డొమైన్‌తోనే సంతకం చేయిద్దామని సంతకం సరిచూసేందుకు వాళ్లిచ్చిన కీని డీఎన్ఎస్‌లో టీఎక్స్‌టీ (అక్షరాలు దాచుకునే) రికార్డుగా పెట్టాం. కనపడలేదు. 2048 బిట్ల కీ ఒక్క స్ట్రింగ్‌కు ఉన్న 255 అక్షరాల్లో పట్టదు కదా అని ముక్కలు చేసి పెట్టాం. అయినా కనపడలేదు. తీరా డిగ్ (డీఎన్ఎస్‌ని అడిగి చూసే కమాండ్) కొట్టి చూస్తే, పూర్తి పేరు ఇచ్చినా మా డీఎన్ఎస్ ప్యానెల్ దయతలచి చివర డొమైన్‌ని ఇంకోసారి అతికించింది. రికార్డు భేషుగ్గానే ఉంది, ఎవరూ వెతకని పేరు మీద.

ఇప్పుడు మీ రిపోర్టుల్లో తేలకుండా మిగిలింది ఒక్క ఐపీ. అది మా ఆఫీసుదే, కానీ ఎవరూ తమదని ఒప్పుకోరు. నా అనుమానం, స్కాన్ చేసిన కాగితాలను తనంతట తానే మెయిల్ చేసే మూల ప్రింటర్ మీద. దాని సంగతి తేలగానే తమరు చార్జి క్వారంటైన్ గారికి అప్పగించి బయలుదేరాలని మనవి. అభ్యంతరాలుంటే జవాబు రాయండి. జిప్ చేసి మాత్రం పంపకండి.

ఇట్లు,
మీ రిపోర్టులు వచ్చిపడే మెయిల్‌బాక్స్ తాలూకు మనిషి