అది నావికుల స్మారకం కాదు

మా షిప్పింగ్ వాళ్ల గ్రూపులో మొన్న ఒక ఫోటో వచ్చింది. పచ్చగడ్డి, అవతల సముద్రం, మధ్యలో తల వంచుకున్న తెల్లటి పెద్ద విగ్రహాలు. కింద “కరీబియన్ దీవిలో, సముద్రంలో ప్రాణాలు విడిచిన నావికుల స్మారకం. మన సోదరులకు జోహార్లు” అని రాసుంది. చూస్తుండగానే దండాల బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. ఫోటో పెట్టిన కుర్రాడు మంచివాడు, నాతో క్యాడెట్‌గా చేశాడు. వాడి మీద నాకు కోపం లేదు. కానీ ఆ రాసిన మాట మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తమ్ముడూ, అది 1830లో మునిగిపోయిన ఒక బానిసల ఓడకి గుర్తు. ఆ ఓడ నావికులకి ఊరి శ్మశానంలో చోటు దొరికింది. నువ్వు పెట్టిన ఫోటోలో ఉన్నది ఆ చోటు కూడా దక్కని వాళ్లు.

నేను అక్కడికి వెళ్లాను. మార్టినిక్ దీవి, ఫ్రాన్స్ ఏలుబడిలోనిది. మా షిప్పు ఫోర్ ద ఫ్రాన్స్ రేవులో ఉండగా ఒక మధ్యాహ్నం డ్యూటీ లేకపోతే టాక్సీ మాట్లాడుకుని దక్షిణపు తీరానికి, లె దియామాన్ అనే ఊరికి పోయాను. ఊరు దాటి పడమరకి వెళ్తే ఆన్స్ కఫార్ అనే చోటు వస్తుంది. వెనక కొండ, ముందు సముద్రం. రోడ్డు దిగి గడ్డిలో అడుగు పెడితే ముందు కనబడేవి వీపులు. పదిహేను మందీ మనవైపు వీపు పెట్టి సముద్రాన్నే చూస్తుంటారు. ఒక్కొక్కరు రెండున్నర మీటర్ల ఎత్తు, నాలుగు టన్నుల బరువు. భుజాలు జారిపోయి, చేతులు పక్కన వేలాడుతూ ఉంటాయి. ముఖం చూడాలంటే వాళ్లని దాటుకుని సముద్రం వైపు నడిచి, వెనక్కి తిరగాలి. తిరిగి చూస్తే అన్నీ ఒకేలాంటి ముఖాలు. ఎవరి పేరూ లేదు.

తెలుపు అక్కడి వాళ్లకి చావు రంగు. మనకి అది విడమరిచి చెప్పక్కర్లేదు, తెల్లచీర అంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. విగ్రహాలని త్రికోణంగా నిలబెట్టారు. ఐరోపా నుంచి సరుకుతో ఆఫ్రికాకి, అక్కడి నుంచి మనుషులతో ఈ దీవులకి, ఇక్కడి నుంచి పంచదారతో మళ్లీ ఐరోపాకి తిరిగిన ఓడల దారి ఆ త్రికోణం. దీన్ని చేసిన శిల్పి లోరాన్ వలేర్, ఆ దీవి మనిషే. 1848లో బానిసత్వం రద్దయింది కదా, నూట యాభై ఏళ్లయిన సందర్భంగా 1998లో నిలబెట్టారు.

దాని పేరు కాప్ 110. ఫ్రెంచిలో కాప్ అంటే ఓడ ముక్కు చూసే దిక్కు, మనం కోర్సు అంటామే అది. 110 డిగ్రీలు, తూర్పు దాటి కొంచెం దక్షిణానికి. ఆ విగ్రహాలు అటే, ఆఫ్రికా పడమటి తీరంలోని గినీ సింధుశాఖ వైపు చూస్తున్నాయి. ఓడని నడిపే చోటైన బ్రిడ్జి మీద నిలబడి చుక్కాని పట్టుకున్నవాడికి “వన్ వన్ జీరో” అని రోజూ చెప్పే వాళ్లం మనం. ప్రపంచంలో ఎవరికి అర్థం కాకపోయినా ఆ పేరు మనకి అర్థం కావాలి. ఇంటిదారి పట్టమని చెప్పే ఆజ్ఞ అది. ఆ చుక్కాని తిప్పేవాడు మాత్రం రాలేదు.

ఇక ఆ రాత్రి సంగతి. 1830 ఏప్రిల్ 8. మధ్యాహ్నం నుంచే ఒక ఓడ ఆ తీరానికి దగ్గరగా ప్రమాదకరంగా మసలుతూ కనబడింది. సాయంత్రానికి, వెనక రాళ్లున్న చోట లంగరు వేసింది. దగ్గర్లోని ఒక తోట మేనేజరు ఆ చోటు మంచిది కాదని హెచ్చరిద్దామని చూశాడట, కెరటాలు సాగనివ్వలేదు. రాత్రి పదకొండింటికి అరుపులు, చెక్కలు విరుగుతున్న చప్పుడు. ఓడ రాళ్ల మీద పడిపోయింది.

ఒడ్డు మీదికి నెట్టే అలల్లో లంగరు పట్టు వదిలితే ఏమవుతుందో ఈ గ్రూపులో ఉన్నవాళ్లకి నేను చెప్పాలా? మనమైతే ఇంజను స్టార్ట్ చేస్తాం. తెరచాప ఓడకి అది లేదు. అయినా డెక్ మీద ఉన్నవాడికి ఒక తాడు ఉంటుంది, ఒక చెక్కముక్క ఉంటుంది, దూకడానికి రెండు కాళ్లుంటాయి. కింద అరల్లో ఉన్నవాళ్లకి ఏముంటుంది? ఓడలో దాదాపు మూడు వందల మంది ఆఫ్రికా మనుషులున్నారని అంచనా. తెల్లారేసరికి బతికింది 86 మంది. అందులో ఆడవాళ్లు 60, మగవాళ్లు 26.

ఆ లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బలం ఉన్న మగవాళ్లే ఎక్కువ బతకాలి కదా? బానిసల ఓడల్లో సాధారణంగా మగవాళ్లని ఇద్దరిద్దరిని కలిపి సంకెళ్లు వేసేవారు, ఆడవాళ్లకి చాలాసార్లు వేసేవారు కాదు. ఆ తేడాయే ఈ అంకెల్లో కనబడుతోందని నా నమ్మకం. వాళ్లని చంపింది సముద్రం ఒక్కటే అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఓడ సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. కెరటాలు 46 శవాలని ఒడ్డుకి చేర్చాయి. తెల్లవాళ్లయిన నావికులని ఊరి శ్మశానంలో పాతిపెట్టారు. నల్లవాళ్లని తీరానికి కొంచెం ఎడంగా గొయ్యి తీసి పూడ్చారు. ఒకే ఓడ, ఒకే రాత్రి, మింగిన నీళ్లూ ఒకటే. మట్టి దగ్గరికొచ్చేసరికి వేరైపోయింది.

బతికినవాళ్ల గతి ఇంకా ఘోరం. అప్పటికే, 1818లోనే, బానిసలని ఓడల్లో తెచ్చే ఈ వ్యాపారాన్ని ఫ్రాన్స్ చట్టం చేసి నిషేధించింది. అంటే ఆ ఓడ దొంగఓడ. ఆ దొంగసరుకుని దీవిలో బానిసలుగా ఉంచుకోవడానికి చట్టం ఒప్పదు. స్వేచ్ఛ ఇచ్చి వదిలేయడానికి చుట్టూ ఉన్న తోటల యజమానులు ఒప్పరు. చివరికి ఆ ఏడాదే వాళ్లని మళ్లీ ఓడ ఎక్కించి దక్షిణ అమెరికాలోని కయెన్‌కి పంపేశారు. ఓడ మునిగి ఒడ్డున పడ్డవాళ్లని కొన్ని నెలలకే ఇంకో ఓడ ఎక్కించారు. ఆ మెట్లు ఎక్కేటప్పుడు ఆ అరవై మంది ఆడవాళ్ల కాళ్లు ఎలా వణికి ఉంటాయో అని నేను అక్కడ గడ్డిలో కూర్చుని ఆలోచించాను.

ఆ ఓడ పేరేమిటో, ఏ జెండా కింద వచ్చిందో ఈ రోజుకీ తేలలేదు. దొంగవ్యాపారం కాబట్టి పేరు దాచుకునే వచ్చింది, కాగితాలు కూడా మిగల్లేదు. అదే తీరంలో నిలబడి చూస్తే ఎదురుగా సముద్రంలో ఒక పెద్ద బండ కనిపిస్తుంది, డైమండ్ రాక్. 1804లో బ్రిటిష్ నేవీ దాన్ని ఆక్రమించి, పైకి ఫిరంగులెక్కించి, ఆ రాతిని యుద్ధనౌకగా రిజిస్టర్ చేసి హెచ్.ఎం.ఎస్. డైమండ్ రాక్ అని పేరు పెట్టింది. మరుసటి ఏడు జూన్‌లో ఫ్రెంచివాళ్లు తిరిగి పట్టుకునేదాకా అది వాళ్ల లెక్కల్లో ఓడే. కదలని బండకి ఓడ పేరుంది. మూడు వందల మందిని మోసుకొచ్చిన ఓడకి పేరు లేదు. ఆ రెంటినీ ఒకే చూపులో చూడటం నావల్ల కాలేదు.

“అన్నా, సిబ్బంది కూడా చచ్చిపోయారు కదా, వాళ్లూ పేదవాళ్లే కదా” అని గ్రూపులో ఒకరు అడిగారు. నిజమే. నేనూ నావికుణ్ణే, మునిగిన ఓడ అంటే ముందు నా గుండె సిబ్బంది వైపే పోతుంది. వాళ్ల కోసం వాళ్ల అమ్మలు ఏడ్చే ఉంటారు. వాళ్లకి దండం పెట్టాలనుకుంటే ఊళ్లో శ్మశానం ఉంది, అక్కడ పెట్టండి. ఈ పదిహేను మంది ముందు నిలబడి ఆ దండం పెట్టకండి. తాళం వేసినవాడినీ తాళం వెనక ఉన్నవాడినీ కలిపి “నావికులు” అనే ఒక్క మాటలో పడేస్తే, 1830లో గొయ్యి తీసినవాళ్లు మిగిల్చిన పని మనం పూర్తి చేసినట్టవుతుంది.

ఇంకొకరు “మనవాళ్లు కూడా అలాగే వెళ్లారు కదా” అన్నారు. వెళ్లారు. బానిసత్వం పోయాక చెరుకు తోటల్లో కూలీలు కావలసి, 1853 మే 6న ఔరేలీ అనే ఓడ మొదటి భారతీయులతో మార్టినిక్ చేరింది. తర్వాత ముప్ఫై ఏళ్లలో పుదుచ్చేరి, కారైకాల్ లాంటి రేవుల నుంచి దాదాపు పాతికవేల మంది వెళ్లారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల కష్టం చిన్నది కాదు, దాని గురించి విడిగా రాయాలి. కానీ వాళ్ల చేతిలో అయిదేళ్ల ఒప్పందం కాగితం ఉండేది, రిజిస్టర్లో తప్పో ఒప్పో ఒక పేరు ఉండేది. ఓడ పేరు, చేరిన తేదీ ఇప్పుడు నేను రాయగలుగుతున్నాను చూడండి. ఆన్స్ కఫార్‌లో ఉన్నవాళ్ల గురించి నేను అలా ఒక్క వాక్యం రాయలేను. మన బాధని తెచ్చి వాళ్ల బాధ మీద కప్పొద్దు.

తమ్ముడూ, మరి ఏం రాయమంటావన్నా అని అడిగావు. ఫోటో తీసెయ్యొద్దు, ఉంచు. కింద ఇలా మార్చు:

“ఆన్స్ కఫార్, మార్టినిక్. 1830 ఏప్రిల్ 8 రాత్రి, పేరు తెలియని ఓడలో, డెక్ కింద ఉన్నవాళ్లు.”