సవరణ: నిక్ డేకాస్ తొలి రెండు సీజన్ల గురించి
ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లోని కాలింగ్‌వుడ్ క్లబ్ ఆటగాడు నిక్ డేకాస్‌పై రాసిన గత వ్యాసంలో, అతడు 2022లో అడుగుపెట్టింది మొదలు మిడ్‌ఫీల్డర్‌గానే ఆడాడనీ, 2023లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ (Brownlow) పతకం గెలిచాడనీ పేర్కొన్నాను. రెండూ తప్పే.

ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ పురస్కారం దక్కిన ఆ తొలి ఏడాది అతడు ఎక్కువగా హాఫ్‌బ్యాక్‌లో, అంటే వెనుక వరుసలో బంతి అందుకుని దాడిని మొదలుపెట్టే చోట ఆడాడు. మధ్య మైదానంలో పూర్తిస్థాయి బాధ్యత 2023లోనే వచ్చింది.

ఇక బ్రౌన్‌లో పతకానికి అంపైర్లు ప్రతి మ్యాచ్‌లో ముగ్గురికి 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. 2023లో లాకీ నీల్ 31 ఓట్లతో గెలవగా, బొంటెంపెల్లి 29, డేకాస్ 28 సాధించారు. మోకాలి గాయంతో చివరి మూడు లీగ్ మ్యాచ్‌లకు దూరమైన ఆటగాడు మూడు ఓట్ల తేడాతో వెనుకబడ్డాడన్న సంగతిని, గెలిచాడని రాసేసిన తొందరలో నేనే మరుగుపరిచాను.

తండ్రి పీటర్ డేకాస్ కాలింగ్‌వుడ్ తరఫున 250 మ్యాచ్‌లు ఆడినందున ఫాదర్-సన్ నిబంధన (మాజీ ఆటగాళ్ల కొడుకులను ఎంచుకోవడంలో వారి క్లబ్‌కు ప్రాధాన్యమిచ్చే నియమం) కింద క్లబ్ అతడిని తీసుకున్నదన్న వాక్యంలో మార్పు లేదు.