ఆ తీగ చుట్ట మీద మందం రాస్తే ఏం పోతుంది?

రాళ్లకు తీగ చుట్టి లాకెట్లు చేయడం నేర్చుకుంటున్నాను. వేళ్లు నొప్పి పుట్టినా ఫర్వాలేదు కానీ, ఈ హైదరాబాద్‌లో సరైన తీగ కొనడానికి పడే అవస్థ మాత్రం భరించలేకపోతున్నాను. తీగ మందాన్ని గేజ్ అనే అంకెతో చెబుతారు. బేగంబజార్‌కి వెళ్లి "20 గేజ్ రాగి తీగ ఉందా అన్నా?" అని అడిగితే, "సన్నదా, లావుదా?" అని ఎదురు ప్రశ్న! చుట్ట మీద చీటీ ఉండదు. ఉన్నా ఏ లెక్కో రాయరు. బ్రిటిష్ లెక్కలో 20 గేజ్ అంటే సుమారు 0.91 మిల్లీమీటర్లు, అమెరికన్ లెక్కలో 0.81. ఆ కాస్త తేడాకే తీగ మొండికేస్తుంది, రాయి అంచున చిన్న మలుపులు తిరగవు.

సరే, అదైనా సర్దుకోవచ్చు. రాగి అని చెప్పి పూత పూసిన ఇనుప తీగ అంటగడతారే, దానికి ఒళ్లు మండిపోతుంది. పట్టకారుతో ఒక్క మెలిక తిప్పగానే పూత లేచిపోయి, లోపలి తెల్లటి లోహం బయటపడుతుంది. బెజ్జం లేని రాయికి ఆ తీగ చట్రమే కదా ఆధారం! అసలైన రాగి కూడా వంచేకొద్దీ గట్టిపడుతుంది, ఒకేచోట మళ్లీమళ్లీ వంచితే పుటుక్కున తెగుతుంది. అంటే విప్పి మళ్లీ చుట్టుకుందామన్నా కుదరదు, డబ్బులు దండగే.

ఇప్పుడు కొట్టుకి అయస్కాంతం పట్టుకెళ్తున్నాను. అంటుకుంటే లోపల ఇనుమున్నట్టే. అది బయటకి తీయగానే "మా మీద నమ్మకం లేదా మేడమ్?" అని ముఖం మాడ్చుకుంటారు. ముందు ఆ చుట్ట మీద లోహం పేరు, మందం మిల్లీమీటర్లలో రాసిపెట్టండి, అయస్కాంతం ఇంట్లోనే వదిలేసి వస్తాను.